కూర్చున్నవాడికి చవక, కదిలినవాడికి ఖరీదు

గత దసరా సెలవుల్లో ఒక ఆదివారం ఉదయం, మా ఇంట్లో వీడియో కాల్ నడుస్తుండగా, డాలస్ దగ్గర ఉండే మా మేనల్లుడికీ న్యూజెర్సీలో ఉండే మా అన్నయ్య కూతురికీ పన్నుల మీద మాట పెరిగింది. అమెరికా రాష్ట్రాలను పన్ను భారం ప్రకారం వరుసపెట్టిన పట్టిక ఒకటి ఆ వారం మావాడి కంటపడిందట. అందులో టెక్సస్ ఎక్కడో కింద ఉంది, న్యూజెర్సీ పైన ఉంది. "మా దగ్గర స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్సే లేదు, జీతం ఎంతుంటే అంత చేతికొస్తది" అన్నాడు. "ఇంటి పన్ను ఎంత కడుతున్నవో అది గూడ చెప్పు బావా" అని ఈమె అడిగింది. కాసేపు మాట తప్పించి, చివరికి ఏడాదికి దాదాపు 9,000 డాలర్లని ఒప్పుకున్నాడు. వరుసకు బావామరదళ్లు కాబట్టి ఆ వాదన ఎంతసేపైనా సాగేదే గానీ, మధ్యలో నన్ను లాగారు. "బాబాయ్, మన హన్మకొండల ఎంత? మీకేంది, అన్నీ తక్కువే గద" అంది మా అన్నయ్య కూతురు.

దానికి జవాబు నా ముందు బల్ల మీదే ఉంది. ఆ వారంలోనే రెండు కాగితాలు మా ఇంట్లోకి వచ్చాయి. ఒకటి, నేను ఉంటున్న 200 గజాల పాత ఇంటికి ఏడాది మొత్తానికి కట్టిన ఇంటి పన్ను రసీదు. గ్రంథాలయ సెస్సుతో కలిపి 3,412 రూపాయలు. రెండోది, మా అమ్మాయి పేరిట కొన్న పదేళ్ల పాత ఫ్లాటు రిజిస్ట్రేషన్ కోసం తీసిన చలానా. 42 లక్షల విలువ మీద స్టాంపు డ్యూటీ 5.5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5 శాతం, వెరసి 7.5 శాతం చొప్పున 3,15,000 రూపాయలు. పెద్ద అంకెను చిన్న అంకెతో భాగించి చూస్తే 92 వచ్చింది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఒక పూట కూర్చుని, ఫోటో దిగి, వేలిముద్ర వేసి మా అమ్మాయి కట్టి వచ్చిన పన్ను, నేను ఈ ఇంటికి 92 ఏళ్లు కడితే గానీ పూర్తి కాదు. మా నాన్నగారు ఈ ఇల్లు కట్టించిన నాటి నుంచి ఈనాటి వరకు లెక్కవేసినా అందులో సగం గడువు కూడా గడవలేదు.

నలభై ఏళ్లకు దగ్గరగా బ్యాంకులో అంకెల మధ్య బతికినవాడిని కాబట్టి ఆ 92 నన్ను చాలా రోజులు వదలలేదు. ఒక ప్రాంతపు పన్ను భారాన్ని ఇంకో ప్రాంతంతో పోల్చేటప్పుడు మొత్తం ఎంత, ఆదాయంలో ఎన్నో వంతు అని అడుగుతాం. మనిషి ఏ పని చేసినప్పుడు ప్రభుత్వం చేయి చాపుతోందని మాత్రం అడగం. సంపాదించినప్పుడా, కొన్నప్పుడా, తిరిగినప్పుడా, తాగినప్పుడా, లేక ఆస్తిని ఊరికే ఉంచుకున్నప్పుడా? అలా అడిగితే మన తెలంగాణలో పన్ను దాదాపు అంతా కదిలేవాళ్ల మీద, అంటే ఇల్లు కొనేవాళ్ల మీద, బండి నడిపేవాళ్ల మీద పడుతోందని, ఆస్తి మీద కూర్చున్నవాళ్లను అది పెద్దగా తాకడం లేదని నాకు అర్థమైంది. ఇది తప్పని నా అభిప్రాయం. ఆ కూర్చున్నవాళ్లలో నేనూ ఒకడినని ముందే చెప్పుకోవడం న్యాయం.

పట్టికలో ఉండే ఇల్లు

మొదట పిల్లల వాదన సంగతి చూద్దాం. టెక్సస్‌లో వ్యక్తుల ఆదాయం మీద రాష్ట్ర పన్ను లేదు. 2019లో అక్కడి ఓటర్లు అలాంటి పన్ను విధించకుండా తమ రాష్ట్ర రాజ్యాంగంలోనే నిషేధం పెట్టుకున్నారు. అయితే బడులు, రోడ్లు నడవాలి కాబట్టి ఆ డబ్బు ఇంటి పన్ను నుంచి, అమ్మకం పన్ను నుంచి వస్తుంది. అమ్మకం పన్ను రాష్ట్రానికి 6.25 శాతం, స్థానిక సంస్థలకు మరో 2 శాతం దాకా ఉంటుంది. మావాడు కట్టే ఇంటి పన్నులో సగానికి పైగా వాళ్ల ప్రాంతపు బడులను నడిపే స్కూల్ డిస్ట్రిక్టుకే పోతుంది. న్యూజెర్సీలో రాష్ట్ర ఆదాయ పన్ను ఉంది, దాని పైన ఇంటి పన్ను కూడా భారీగా ఉంది. సగటు బిల్లు 2024లో 10,000 డాలర్లు దాటింది. ఈ రెంటినీ ఒక పట్టికలో పెట్టి టెక్సస్ మేలని తేల్చడం, మంచి జీతం వచ్చే ఇంజినీరు కుటుంబానికి సరిపోవచ్చు. అదే టెక్సస్‌లో తక్కువ జీతంతో అద్దెకుండే మనిషికి ఆదాయ పన్ను లేకపోవడం వల్ల ఒరిగేదేమీ ఉండదు. ఇంటాయన కట్టే పన్ను అద్దెలో కలుస్తుంది, కొనే ప్రతి వస్తువు మీద అమ్మకం పన్ను పడుతుంది. పట్టికలో ఉండేది సగటు ఇల్లు. ఆ ఇంట్లో అద్దెకుండేవాళ్లు ఉండరు, రిటైరైనవాళ్లు ఉండరు, నిన్ననే ఇల్లు కొన్న కొత్త జంట ఉండదు.

ఇంటి పన్ను ఎక్కువని మావాడు ఎంత గొణిగినా, అక్కడ నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ప్రతి ఏటా వేసవికి ముందు అతనికి ఇంటి విలువ ఇంత అని నోటీసు వస్తుంది. ఆ విలువను ఎక్కువగా లెక్కగట్టారనిపిస్తే మామూలుగా మే 15లోగా అభ్యంతరం చెప్పుకోవచ్చు. నిరుడు అతను పక్కిళ్లు ఎంతకు అమ్ముడుపోయాయో వివరాలు సేకరించి, తన వంటగది గోడకు పడ్డ పగుళ్ల ఫోటోలు తీసి మరీ వాదించాడు. అంత డబ్బు కడుతున్నాడు కాబట్టి స్కూల్ బోర్డు సమావేశాల్లో ఏం జరుగుతోందో కూడా అతనికి తెలుసు. నేను పుట్టి పెరిగిన ఊళ్లో నా ఇంటి పన్ను ఏ లెక్కన వేశారో, ఏ వార్షిక అద్దె విలువ (ఇంటిని అద్దెకిస్తే ఏడాదికి ఎంత వస్తుందనే అంచనా) మీద వేశారో నేను ఒక్కసారి కూడా అడిగి తెలుసుకోలేదు. 3,412 రూపాయల కోసం ఎవరు అడుగుతారు?

ఇక్కడో మాట పక్కన రాసి పెట్టుకోవాలి. నా మనవరాలి ప్రైవేటు స్కూలు ఫీజు ఏడాదికి 70,000 రూపాయలు. టెక్సస్‌లో ఇంటి పన్ను పేరిట పోయేది ఇక్కడ ఫీజు పేరిట పోతోంది. ఇంకో ప్రాంతంతో పోల్చేటప్పుడు దాన్ని మనం పన్నుగా లెక్కపెట్టం. పైగా ఆ ఫీజు కట్టలేనివాళ్లు అధ్వానంగా ఉన్న బడికి పిల్లల్ని పంపి ఆ తేడాను వేరే రూపంలో చెల్లిస్తారు.

లీటరు మీద 28 రూపాయలు

మన దేశంలో 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక సబ్బు, సిమెంటు, చెప్పుల మీద పన్ను వరంగల్‌లో ఎంతో వడోదరలోనూ అంతే. కాబట్టి రాష్ట్రానికీ రాష్ట్రానికీ తేడా కనిపించేది జీఎస్టీ బయట మిగిలిన వాటిలోనే: పెట్రోలు, డీజిలు, మద్యం, బండి లైఫ్ ట్యాక్సు, స్టాంపు డ్యూటీ, కరెంటు సుంకం, వృత్తి పన్ను. వీటిలో వృత్తి పన్ను గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నెల జీతం 20,000 దాటితే మన దగ్గర నెలకు 200 రూపాయలు, ఢిల్లీలో అసలు లేదు. రాజ్యాంగం ఏడాదికి 2,500కు మించరాదని 1988లో పెట్టిన హద్దు ఇప్పటికీ కదలలేదు కాబట్టి, 21,000 జీతగాడూ రెండు లక్షల జీతగాడూ ఒకే 200 కడతారు. నేను మేనేజరుగా, మా అటెండరు అటెండరుగా చాలా ఏళ్లు అలాగే కట్టాం.

కరెంటులో మాత్రం మనం చవకే. యూనిట్‌కు 6 పైసలు సుంకం. పుణేలో స్థిరపడ్డ నా పాత సహోద్యోగి ఒకసారి తన బిల్లు ఫోటో పంపితే చూశాను. మహారాష్ట్రలో ఇళ్ల కరెంటు మీద సుంకం 16 శాతం. నాకు 300 యూనిట్లు కాలితే 18 రూపాయలు పడే చోట అతనికి వందల్లో పడుతోంది. అదే మనిషి తన భార్య పేరిట ఇల్లు కొన్నప్పుడు మహిళలకు ఇచ్చే ఒక శాతం స్టాంపు డ్యూటీ తగ్గింపు పొందాడు. ఆ లెక్కన మా అమ్మాయి ఫ్లాటు మీద 42,000 మిగిలేవి. ఏ రాష్ట్రం మేలో చెప్పమంటే, నీకు ఏసీ ఎక్కువా, రిజిస్ట్రేషన్లు ఎక్కువా అని ఎదురు ప్రశ్న వేయవలసి వస్తుంది.

పెట్రోలు దగ్గర ఆ తప్పించుకోవడం కుదరదు. మన రాష్ట్రంలో పెట్రోలు మీద వ్యాట్ 35.20 శాతం, డీజిలు మీద 27 శాతం. ఢిల్లీలో పెట్రోలు మీద 19.40 శాతం. 2024 మార్చిలో చమురు సంస్థలు రెండు రూపాయలు తగ్గించాక ఢిల్లీలో లీటరు 94.72 ఉంటే హైదరాబాద్‌లో 107.41 ఉంది. ఆ 107లో రాష్ట్రం వాటా దాదాపు 28 రూపాయలు. 2023లో మా అల్లుడు 12 లక్షల కారు కొన్నప్పుడు 17 శాతం చొప్పున 2,04,000 లైఫ్ ట్యాక్సు కట్టాడు. ఢిల్లీలో అలాంటి పెట్రోలు కారుకు 10 శాతమే. అయితే ఢిల్లీని మన పక్కన నిలబెట్టడం పూర్తిగా న్యాయం కాదని ఒప్పుకోవాలి, ఎందుకంటే అక్కడి పోలీసుల ఖర్చు కేంద్రం భరిస్తుంది, ఇక్కడ కానిస్టేబుల్ జీతం రాష్ట్రమే ఇవ్వాలి. కారు కొనేవాడి మీద పన్ను వేస్తే నాకు పెద్దగా బాధ లేదు కూడా.

బాధ ఉన్నది మా సందులో ఉండే కుర్రాడి విషయంలో. అతను బైకు మీద భోజనం పార్సిళ్లు డెలివరీ చేస్తాడు. చౌరస్తా నుంచి కాజీపేట, నయీంనగర్ నుంచి హంటర్ రోడ్డు, రోజంతా తిరిగితే రెండు లీటర్లు తాగుతుంది బండి. రెండు లీటర్లంటే రోజుకు 56 రూపాయలు రాష్ట్రానికి. నెలకు 26 రోజులు వేసుకుంటే 1,456. ఏడాదికి 17,472. అద్దె గదిలో ఉండే ఆ పిల్లవాడు ఒక్క పెట్రోలు మీదనే, 200 గజాల ఇంటి యజమానినైన నేను కట్టే ఇంటి పన్నుకు ఐదు రెట్లు కడుతున్నాడు. ఈ లెక్క అతనికి చెబితే నవ్వి, "అంకుల్, మరి పెట్రోల్ బంకుల రసీదు మీద అది రాయరు గద" అన్నాడు.

రాయరన్న మాట నిజమే. మద్యం సంగతి ఇంకా విచిత్రం. సీసా మీద పడే పన్నుల సంగతి అలా ఉంచితే, 2023 ఆగస్టులో 2,620 దుకాణాల లైసెన్సుల కోసం లాటరీ పెట్టినప్పుడు, తిరిగి ఇవ్వని 2 లక్షల రుసుముతో లక్షా 30 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. డ్రా తీయకముందే 2,600 కోట్లకు పైగా ఖజానాకు చేరింది. దాన్ని ఎవరూ పన్ను అనరు, ఏ పట్టికలోనూ అది భారంగా కనిపించదు. చీటీ తగిలినవాడు ఆ డబ్బును ఎవరి జేబులోంచి రాబట్టుకుంటాడో మన ఊళ్ల సాయంత్రాలు తెలిసినవాళ్లకు వివరించనక్కర్లేదు.

మడికొండ వైపు ఒక ప్లాటు

ఇప్పుడు నా సంగతి. మడికొండ వైపు నాకు 267 గజాల ఖాళీ స్థలం ఉంది. 2008లో కొన్నాను. అప్పటి నుంచి నేను చేసిన పని, ఏడాదికొకసారి వెళ్లి హద్దురాళ్లు ఉన్నాయో లేదో చూసుకుని, తుమ్మ చెట్లు కొట్టించి రావడం. ఈలోగా 2013లో చుట్టూ ఉన్న 42 గ్రామాలను వరంగల్ నగరంలో కలిపారు, 2015లో అది గ్రేటర్ కార్పొరేషన్ అయింది, రోడ్లు వెడల్పయ్యాయి, వీధి దీపాలు వచ్చాయి, ఆ గజం ధర పదింతలకు పైగా పెరిగింది. పెంచినవాళ్లలో నేను లేను. ఆ రోడ్డు వేసినవాళ్లు, అందుకు డబ్బు కట్టినవాళ్లు పెంచారు. అందులో ఆ డెలివరీ కుర్రాడి 28 రూపాయలూ ఉన్నాయి. అన్నేళ్లలో ఆ స్థలం మీద నేను కట్టింది 2020లో ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను క్రమబద్ధం చేసే పథకం) దరఖాస్తుకు 1,000 రూపాయలు. రాష్ట్రమంతటా 25 లక్షలకు పైగా వచ్చిన ఆ దరఖాస్తుల్లో నాదొకటి.

ఖాళీ స్థలాల పన్ను అనేది చట్టంలో ఉంది. నాకు తెలిసినంత మేర మా స్నేహితులంతా దాన్ని కట్టింది ఇంటి పర్మిషన్ కోసం వెళ్లిన రోజునే. అంటే కట్టడానికి, అంటే కదలడానికి సిద్ధపడినప్పుడే. పిల్లల పెళ్లికని పదేళ్లుగా మూడు ప్లాట్లు అట్టిపెట్టుకున్న మనిషి దగ్గరికి ఏ నోటీసూ రాదు. అద్దె ఇల్లు ఖాళీ చేసి సొంతిల్లు చూసుకుందామనుకున్న జంట మాత్రం మొదటి రోజే ఏడున్నర శాతం లెక్కపెట్టి ఇవ్వాలి. 2021 జూలైకి ముందు అది 6 శాతమే ఉండేది. దీని ఫలితం కళ్ల ముందే ఉంది. అమ్మితే కొత్తది కొనడానికి పన్ను కట్టాలి, ఉంచుకుంటే ఖర్చు లేదు. అందుకని అమ్మరు. ఊరు మధ్యలో తుమ్మ చెట్లు, ఊరి అవతల ఎక్కడో అపార్టుమెంట్లు.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. కాలిఫోర్నియాలో 1978లో ఓటర్లు ప్రొపోజిషన్ 13 అని ఒక నియమం తెచ్చుకున్నారు. ఇంటి పన్ను మూల రేటు కొన్న ధరలో ఒక శాతం, ఆపైన విలువను ఏడాదికి 2 శాతానికి మించి పెంచకూడదు. ఫలితంగా పక్కపక్కన ఒకేలాంటి రెండు ఇళ్లుంటే, నలభై ఏళ్ల కింద కొన్నవాళ్లు కట్టే దానికి నిన్న కొన్నవాళ్లు ఎన్నో రెట్లు కడతారు. ఆ రాష్ట్రాన్ని అధిక పన్నుల రాష్ట్రమంటే పాత ఇంటి యజమాని నవ్వుకోవచ్చు. మనం ఓట్లు వేయకుండానే, నియమం రాయకుండానే, పాత అద్దె విలువలను తిరగరాయకపోవడం ద్వారా అక్కడికే చేరాం.

నన్ను ఆపుతున్న మాటలు

ఇదంతా మా ఆవిడకు చెప్పినప్పుడు ఆమె అడిగిన మొదటి ప్రశ్న: "మరి మట్టెవాడ పెద్దమ్మ సంగతేంది?" మట్టెవాడలో మా దూరపు బంధువు ఒకావిడ, డెబ్బై ఏడేళ్ల మనిషి, మామగారి కాలం నాటి పెద్ద ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. ముందు రెండు గదులు దుకాణానికి ఇచ్చి, ఆ అద్దెతో మందులు కొనుక్కుంటుంది. స్థలం విలువ లెక్కగడితే కోటీశ్వరురాలు. చేతిలో డబ్బు ఉండదు. విలువ మీద పన్ను వేస్తే ఆమె ఇల్లు అమ్ముకోవాలా?

ఈ ప్రశ్నను కొట్టిపారేయడం నాకు చేత కాలేదు. టెక్సస్‌లో 65 ఏళ్లు దాటినవాళ్లు సొంత ఇంటి పన్నును వాయిదా వేసుకోవచ్చని మావాడు చెప్పాడు. అది వడ్డీతో పేరుకుని, ఇల్లు అమ్మినప్పుడో వారసులకు పోయినప్పుడో తీరుతుంది. అలాంటి ఏర్పాటు పెద్దమ్మకు సరిపోతుందనిపిస్తుంది, అమెరికాలో ఉన్న ఆమె కొడుకులకు నచ్చకపోవచ్చు. మన దగ్గరా 2019 మున్సిపల్ చట్టంలో 75 గజాల లోపు చిన్న ఇళ్లకు ఏడాదికి వంద రూపాయలే అని పెట్టారు కాబట్టి, పేదవాడి ఇంటినీ పెద్దవాడి ఇంటినీ వేరుగా చూడటం మనకు తెలియని విద్య కాదు. నా వాదన పెద్దమ్మ ఇంటి మీద కంటే నా మడికొండ ప్లాటు మీదే ఎక్కువ ఆధారపడి ఉంది. దానికి ముసలితనం లేదు, అందులో ఎవరూ ఉండరు.

రెండో అభ్యంతరం రాజకీయం. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఇంటి పన్నును అద్దె విలువ నుంచి ఆస్తి విలువకు మార్చినప్పుడు, ఏటా పెంపు 15 శాతానికి మించదని చెప్పినా ఎంత గొడవ అయిందో చూశాం. పెట్రోలు మీద 28 రూపాయలు ఎవరికీ కనపడవు, ఇంటి పన్ను నోటీసు మీద అంకె అందరికీ కనపడుతుంది. 15వ ఆర్థిక సంఘం పట్టణాలకు గ్రాంట్లు రావాలంటే ఆస్తి పన్నుకు కనీస రేట్లు ప్రకటించాలని, వసూళ్లు రాష్ట్ర ఆర్థిక వృద్ధితో సమానంగా పెరగాలని షరతు పెట్టింది. మన దగ్గర మాత్రం బకాయిల వడ్డీలో 90 శాతం మాఫీ అనే ప్రకటన ఒకటికి రెండు సార్లు వచ్చింది. ఏప్రిల్‌లోనే కట్టి 5 శాతం రాయితీ తీసుకునే నాలాంటివాడిని చూసి, ఏళ్లుగా కట్టని మా పక్కింటాయన నవ్వడంలో తప్పేముంది?

మూడోది, నన్ను అన్నిటికన్నా ఎక్కువగా తడబరిచేది. 2020 ఆగస్టులోనూ 2023 జూలైలోనూ వరద నీళ్లు ఇళ్లలోకి వచ్చినప్పుడు మంచాలు ఎత్తుకుని రాత్రంతా నిలబడినవాళ్లతో, మీ ఇంటి పన్ను తక్కువగా ఉంది అని నేను ఏ ముఖంతో చెప్పాలి? ముందు నాలాలు బాగు చేయండి, తర్వాత అడగండి అని వాళ్లంటారు. నాలాలు బాగు చేయడానికి ఊరికి సొంత డబ్బు ఉండాలి కదా అని నేనంటాను. కాజీపేటలో రైల్వేకు ఉన్న అంత భూమి మీద, కేంద్రం ఆస్తి కాబట్టి, రాజ్యాంగం 285వ అధికరణ ప్రకారం ఇంటి పన్ను వేయడానికి వీల్లేదు. మిగిలిన ఇళ్లలో చాలావాటి పన్ను పాత అద్దె విలువల మీదే నడుస్తోంది. ఇక ఊరు ఎప్పుడూ హైదరాబాద్ వైపు చూస్తూ ఉండక ఏం చేస్తుంది? ఈ మాటకు ఈ మాట సరిపోతుంది గానీ, ముందు ఎవరు నమ్మాలనే దగ్గర నా వాదన ఆగిపోతుంది. అలా నమ్మి ముందు కట్టేవాళ్లు, నీళ్లు రాని ఎత్తు మీద ఇళ్లున్న నాలాంటివాళ్లు కావాలేమో.

అందుకని సంక్రాంతి తర్వాత నాకు తెలిసిన ఒక బిల్ కలెక్టర్ మా ఇంటికి చాయ్‌కి వచ్చినప్పుడు, నా ప్లాటు కాగితాలు తీసి ముందు పెట్టి, దీనికి ఖాళీ స్థలం పన్ను వేయించుకోవాలంటే ఏం చేయాలని అడిగాను.

"ఇల్లు కడుతున్నరా సార్?"

లేదన్నాను.

"అమ్ముతున్నరా?"

అదీ లేదన్నాను. ఆయన కాగితాలు తిరగేసి, సర్వే నంబరు చూసి, నా ముఖం చూసి, కప్పు కింద పెట్టాడు.

"మరి లోన్‌కు ఏమన్న అడిగిన్రా?"